ఏటినీటి కింద

నాలుగు రోజులు కుండపోత. సెతియు నది పొంగి సముద్రం మీద పడింది.

ఇక పడవల మీది వినికిడిగాళ్ళకి పనిలేనట్టే. నీళ్ళలో తల ముంచి, గొరక చేపల గురగుర విని, వల ఎక్కడ వెయ్యాలో చెప్పడం వాళ్ళ వృత్తి. వానలకి ఏటినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. కింద చేపలు ఎంత గోల పెట్టినా పైకి సరిగ్గా వినపడదు. ఆ మూత దాటి, నాలుక్కి ఉప్పు తగిలేదాకా దిగి వినాలన్న కిటుకు ముసలి జూసోకీ, అతను పెంచుకున్న దెరామన్‌కీ తప్ప ఎవరికీ తెలీదు.

సాయంత్రం ఇద్దరూ వెళ్ళి విని వస్తారు. తెల్లారాక మనుషులతో వెళ్ళి వల వేస్తారు. అలాంటిది, వాన వెలిసిన దగ్గర్నుంచి ఈ వారమంతా వీళ్ళు వెళ్ళేసరికే, అదే రేవులో వీళ్ళకి పోటీ అయిన జహారి పడవ సరిగ్గా అక్కడ వల లాగుతోంది. జహారికి అంత చెవి ఎక్కడేడిచింది? ఎవరో ఉప్పందిస్తున్నారు.

పడవలో అందరి వేళ్ళూ దెరామన్‌నే చూపించాయి. జూసో నమ్మలేదు. ఆ రాత్రి భార్య కెల్సోమ్ చేపల పులుసు వడ్డిస్తూ మెల్లగా అంది.

"కడుపున పుట్టనోడు ఎన్నాళ్ళున్నా పరాయోడే. పేగు వేరయ్యా."

ఆ మాట ముల్లులా దిగింది.

మర్నాడు రేవులో జూసో దెరామన్‌ని అందరి ముందూ నిలదీశాడు.

"అల్లా మీద ఒట్టు నాన్నా, నేను నోరు విప్పలేదు."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు. ఇంకెప్పుడూ నా పడవ ఎక్కకు."

దెరామన్ మూట సర్దుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకి దక్షిణాదికి వెళ్ళిపోయాడు. ఈ తీరం మళ్ళీ తొక్కనన్నాడట. ఇంత చేసిన మనిషికి పౌరుషం ఒకటా అనుకున్నాడు జూసో.

ఆ సాయంత్రం దోనె వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. రాతిదిబ్బ పక్కన, ఏటినీటి కింద, గొరకలు సంతలా అరుస్తున్నాయి. పడవ మనుషులకి మాత్రం ఏమీ వినపడలేదని చెప్పాడు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాడు.

తెల్లారి మనుషుల్ని ఎక్కించుకుని, ఎక్కడికో చెప్పకుండా పడవని రాతిదిబ్బకి తిప్పాడు.

జహారి అక్కడ వల లాగుతున్నాడు.

జూసో పడవని రేవు వైపు తిప్పాడు.

రాత్రి అన్నం దగ్గర రాతిదిబ్బ సంగతి అతని నోటి నుంచి విన్నది ఒక్క కెల్సోమే, మొదటి మొగుడికి జహారిని కన్న తల్లి.