వేడినీళ్ల దొర

బాయిలర్ ఆ సాయంత్రం కూడా వెలగలేదు.

ఎడారిలో చలేమిటని నవ్వేవాళ్లు డిసెంబరు నెలలో దోహా శివార్ల లేబర్ క్యాంపులో ఒక్క పూట ఉండి చూడాలి. తొంభై ఆరులో అయితే మరీను. గాలి వీస్తే పళ్లు టకటకలాడుతున్నాయి. డ్యూటీ దిగిన మనుషులు ఒంటినిండా సిమెంటు దుమ్ముతో, భుజాన తువ్వాలుతో స్నానాల గదుల ముందు వరసకట్టారు. వాళ్లలో గంగాప్రసాద్ అప్పటికే ఖల్లుఖల్లున దగ్గుతున్నాడు. చన్నీళ్లు పోసుకుని జ్వరం తెచ్చుకున్నవాళ్లు ఆ వారంలో ఇంకా చాలామందే ఉన్నారు.

క్యాంపు ఇన్‌చార్జి గురుప్రసాద్ వచ్చాడు. బాయిలర్ వంక చూసినట్టే చూసి, వెనక్కి తిరిగి జీపెక్కబోయాడు.

జీపుకు అడ్డంగా ఒక మనిషి నిలబడ్డాడు. రాజనర్సు. జగిత్యాల దిక్కు షట్టరింగ్ మేస్త్రీ. పెరిగిన గడ్డం, మెడకు బిగించి చుట్టుకున్న మఫ్లర్.

"బాయిలర్ బాగయ్యేదాంక జీపు కదలది సార్."

"ఏంటయ్యా ఇది? ఊళ్లో వాగుల్లో మునిగినవాళ్లే కదా మీరంతా! ఇక్కడికొచ్చేసరికి చన్నీళ్లు పడట్లేదా? నీ ఒళ్లేమైనా వెన్నతో చేశారా?"

రాజనర్సు కదల్లేదు.

గురుప్రసాద్ జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. ఎవరెవరికి వేడినీళ్లు కావాలో చెప్పండి. పేర్లు రాసుకుని ఆఫీసులో ఇస్తా."

ఆఫీసుకు పేరు వెళ్లిందంటే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. మూటాముల్లె సర్దుకుని విమానం ఎక్కడమే. వరసలో తలలన్నీ కిందికి వాలిపోయాయి. గంగాప్రసాద్ దగ్గు కూడా బిగబట్టాడు.

"రాజనర్సు అని రాసుకోండ్రి సార్. ఆ ఒక్క పేరే రాసుకోండ్రి."

ఇంకో రోజైతే గురుప్రసాద్ అక్కడికక్కడే తేల్చేసేవాడు. కానీ తెల్లారితే స్లాబు. మేస్త్రీ లేకుండా స్లాబు పడదు. కోపం దిగమింగుకుని మెకానిక్ తిమ్మప్పను పిలిపించాడు.

తిమ్మప్ప ఎర్ర బటన్ నొక్కాడు. మోటారు బుర్రుమని తిరిగింది, మంట అందుకోలేదు, ఆగిపోయింది. ట్యాంకులో డీజిల్ ఉంది. ఫిల్టర్ విప్పి ఇసుక కడిగాడు. మళ్లీ నొక్కాడు. బుర్రుమంది, ఆగింది. నిప్పురవ్వ పడుతోందా అని చూశాడు, బాగానే పడుతోంది. మంటను కనిపెట్టే గాజు కన్ను మసిబారితే తుడిచాడు. మళ్లీ అదే కథ.

ఎవరో చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చారు. రాజనర్సు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తానం గాకుంట నేను చాయ్ ముట్ట."

గురుప్రసాద్ పకపకా నవ్వాడు. "అబ్బో! దొరగారికి ఒంటిమీద వేడినీళ్లు పడందే గొంతులోకి చాయ్ కూడా దిగదు కాబోలు! వేడినీళ్ల దొర!"

వరసలోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

తిమ్మప్ప చివరికి చిటికెనవేలంత ఇత్తడి ముక్క ఊడదీసి వెలుతురుకు పట్టాడు. "ఇదే సార్. డీజిల్ చిమ్మే నాజిల్ పూడిపోయింది. కొత్తది కావల్ల."

"ఆర్డర్ పెడదాం. వచ్చే నెలకి వస్తుంది," అన్నాడు గురుప్రసాద్, బతికిపోయినట్టు.

రాజనర్సు తిమ్మప్ప వైపు తిరిగాడు. "అన్నా, ఇసొంటి బాయిలర్ ఇంకేడ లేదా?"

తిమ్మప్ప బుర్ర గోక్కున్నాడు. చెప్పక తప్పలేదు. "ఉండాది. అల్ హిలాల్లో, సారోళ్ల విల్లాలో. నేనే బిగించినా."

"మా ఇంట్లోదా?" గురుప్రసాద్ గొంతు లేచింది. "ఈ చలిలో మేం చన్నీళ్లు పోసుకోవాలా?"

"మీది బెజవాడ గద సార్," అన్నాడు రాజనర్సు నెమ్మదిగా. "కిష్ణల మునిగిన పానమే గద."

వరస గొల్లుమంది. ఆ వారంలో క్యాంపు నవ్వడం అదే మొదలు.

గురుప్రసాద్ మొహం కందగడ్డయింది. జీపు తాళాలు తిమ్మప్ప చేతిలోకి విసిరాడు. "స్లాబు అవనీ మేస్త్రీ. నీకు టికెట్ కొట్టించకపోతే నా పేరు మార్చుకుంటా."

"కొట్టియ్యుండ్రి సార్."

తిమ్మప్ప వెళ్లి, నాజిల్ తెచ్చి బిగించాడు. ఎర్ర బటన్ నొక్కాడు. బాయిలర్ భుగ్గుమంది. "యల్లా! నడువుండ్రి!" అని అరుపులు. గంగాప్రసాద్‌ను అందరికంటే ముందు లోపలికి తోశారు. కాసేపటికి స్నానాల గదుల్లోంచి ఆవిరి, దాని వెనకే పాటలు.

"పో దొరా, తనివితీరా పోసుకో," అన్నాడు గురుప్రసాద్ ఎగతాళిగా.

రాజనర్సు ఆవిరి కక్కుతున్న నల్లాలన్నీ దాటుకుని, బయట గోడవారనున్న చన్నీళ్ల నల్లా దగ్గరికి పోయి, మఫ్లర్ విప్పి, మెడలోని అయ్యప్ప మాలను కళ్లకద్దుకుని, దీక్ష పట్టిన నాటి నుంచీ రెండు పూటలా చేస్తున్నట్టే బకెట్టెడు చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నాడు.