పది వరకే

ఫారంలో పటాలం పేరు రాయాల్సిన గడిని మనస్విని ఖాళీగా వదిలేసింది.

క్లబ్ సెక్రటరీ గ్రాహం ఆ ఖాళీని వేలితో రెండుసార్లు తట్టాడు.

"ఇక్కడేమీ రాయలేదు."

"రాయడానికేమీ లేదు" అంది మనస్విని.

ఇంగ్లండులో స్విండన్ ఊరి బయట ఉంది ఆ రైఫిల్ క్లబ్బు. పాత మిలిటరీ రైఫిళ్ళంటే పడిచచ్చేవాళ్ళంతా అక్కడ చేరతారు. ఏటా నవంబరులో ఒక ఆదివారం పూర్వీకుల పేరు మీద పోటీ పెడతారు. మన భాషలో చెప్పాలంటే, తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రోజన్నమాట. తాతదో ముత్తాతదో పేరు చెప్పి పది తూటాలు కాల్చాలి. గురి బాగుంటే ఆ పేరు క్లబ్బు గోడమీది చెక్క పలకకి ఎక్కుతుంది. రూలు ఒక్కటే. త్రీనాట్‌త్రీ రైఫిల్ పేలిన పోరులో ఆ పెద్దాయన ఉండి ఉండాలి.

పలక మీద నలభై ఒక్క పేర్లున్నాయి. నలభై రెండోది తన ముత్తాతది కావాలని మనస్విని పట్టు.

పట్టంటే మాటలు కాదు. మూడేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు, "యోగా క్లాసు పక్క హాల్లో" అని దారి చూపించారు. ఆమె కదల్లేదు. ఆర్నెల్లు ప్రొబేషన్ చేసింది. పోలీసులు ఇంటికొచ్చి, గోడకి బిగించిన ఇనప బీరువాని పట్టుకుని ఊపి చూశారు. మతి బాగానే ఉందా అని ఆమె డాక్టర్ని అడిగారు. అన్నీ అయ్యాక వందేళ్ళ నాటి లీ-ఎన్‌ఫీల్డ్ త్రీనాట్‌త్రీ కొనుక్కుంది. అది మొదటి రోజే భుజం వాచేలా తన్నింది. మర్నాడు ఇంకో భుజానికి బ్యాగు తగిలించుకుని ఆఫీసుకెళ్ళింది. తర్వాతి ఆదివారం మళ్ళీ రేంజికెళ్ళింది.

భర్త అఖిలేష్ ఆ పొద్దున కార్లో కూడా నచ్చజెప్పి చూశాడు.

"ఎందుకే ఈ లొల్లి? పలక మీద పేరు లేకుంటే ఏమైతది?"

"ఏటయితే నీకేటి? ఆయనకి సమాధి లేదు, ఫోటో లేదు. ఒక్క దగ్గరన్నా పేరుండాల. అదీ ఇక్కడే ఉండాల."

ఇప్పుడు గ్రాహం కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మెడల్?"

"లేదు."

"సర్వీస్ నంబర్?"

"లేదు."

"మరి ఆయనకి ఈ రైఫిల్ తెలుసని నేనెలా నమ్మాలి?"

"ఆయనకి తెలిసినంతగా ఈ క్లబ్బులో ఎవరికీ తెలీదు."

వెనకాల ఎవరో నవ్వారు. మనస్విని తల తిప్పి, నవ్వినాయన నవ్వు ఆపేదాకా చూసింది.

"ముందు కాల్చనివ్వండి. అప్పుడు కాదనండి, చూద్దాం."

పది తూటాలు, ఒక్క నిమిషం. ఒక్కో తూటాకీ రైఫిల్ పక్కనుండే బోల్ట్ పిడిని లాగి తొయ్యాలి. ఆ కంగారులో ఎన్ని కాల్చారో చాలామందికి లెక్క తప్పుతుంది. పదీ అయిపోయాక కూడా ట్రిగ్గర్ నొక్కుతారు. ఖాళీ రైఫిల్ 'టక్' మంటుంది. పరువు పోతుంది. ఆ రోజు ఏడుగురు టక్కుమనిపించారు. అందులో నలభై ఏళ్ళ అనుభవం ఉన్న గ్రాహం ఒకడు. ఆయన దాన్ని దగ్గుతో కప్పెట్టాడు.

మనస్విని తడి చాప మీద బోర్లా పడుకుంది. గ్రాహం పక్కనే నిలబడి ఆమె ముఖాన్నే గమనించాడు. చెయ్యి ఆగలేదు, తొందరా పడలేదు. పదో తూటా పేలగానే వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేసింది. టక్కు లేదు. రెండు వందల గజాల అవతల పదికి పదీ నల్ల గుండ్రంలోనే ఉన్నాయి.

నవ్వినాయన మొదట చప్పట్లు కొట్టాడు.

"నీ పెదవి కూడా కదల్లేదు. ఎలా లెక్కపెట్టావు?" అన్నాడు గ్రాహం.

"మా ఇంట్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు నేర్పేది అదే. పది వరకే, మనసులోనే. పెదవి కదిలితే నాయనమ్మ నెత్తిమీద మొట్టేది. ఆవిడకి వాళ్ళ నాన్న నేర్పాడు. ఒక్క అంకె తప్పినా ప్రాణం పోతుందనేవాడట."

గ్రాహం ముఖంలో అనుమానం పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళకి ఆయనే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

"విన్నారా? ఇది పుస్తకాల్లో దొరకదు. ఈ రైఫిల్లో పట్టేది పది. ఎన్ని పేలాయో మనసులో లెక్క ఉంచుకోకపోతే శత్రువు ముందు ఖాళీ రైఫిల్‌తో నిలబడాలి. ఈమె ముత్తాత యుద్ధం చూసినవాడే. నాకిక కాగితాలు అక్కర్లేదు."

"అయితే పేరు రాయండి" అంది మనస్విని.

గ్రాహం స్టూలెక్కి బంగారు రంగు పెయింటుతో, ఒక్కో అక్షరం ఆమెని అడిగి మరీ రాశాడు. లింగన్న పడాలు. ఏడవకూడదనుకుంటూనే మనస్విని ఏడ్చేసింది. అఖిలేష్ ఫోటో తీశాడు. ఈసారి లొల్లి అనలేదు.

అందరికీ టీలొచ్చాయి. మనస్విని తాగుతూ తాగుతూ మూడుసార్లు లేచి పలక దగ్గరికెళ్ళింది. మూడోసారి చివరి అక్షరాన్ని వేలితో తాకి చూసింది. పెయింటు ఆరింది.

గ్రాహం పక్కనే వచ్చి నిలబడ్డాడు.

"అయితే పది లెక్కపెట్టగానే మీ ముత్తాత గబగబా తూటాలు నింపుకునేవాడన్నమాట!"

మనస్విని కప్పు కింద పెట్టింది.

"నింపుకునేది మీ సిపాయిలు గ్రాహం, వాళ్ళు నింపుకునే లోపు మా ముత్తాత మన్యం కొండల్లో బండ చాటు నుంచి విల్లు పట్టుకుని లేచేవాడు."