చీమలెక్కిన వంకాయలు

వంగతోటలో ఓ ఉడుత ఉండేది. కాయల మీద పురుగుమందు ఎంత మిగిలిందో తేల్చి చెప్పే పని దానిది. కోసిన కాయల్ని చీమలబారు పక్కన పెట్టేది. చీమలు ఎక్కితే మందు లేనట్టే.

ఆ పొద్దున పది కాయలకి పదింటికీ చీమలు పట్టాయి. "తోటంతా బాగుంది వదినా, పిల్లల్ని తోలుకురా," అని కుందేలుకి చెప్పింది.

పిల్లల్ని వెంటేసుకొచ్చిన కుందేలు గట్టు మీదే ఆగింది. నడిమి సాళ్ళలో కాయలు నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికీ పుచ్చు లేదు, పురుగన్నదే ముట్టినట్టు లేదు.

"ఆ పది కాయలూ ఎక్కడ కోశావమ్మా?" అని అడిగింది.

"ఈ గట్టు పక్క సాలులోనే."

అది రైతు తన ఇంటి కూరకని మందు కొట్టకుండా వదిలిన సాలు.

"నడిమి సాళ్ళవి చూడలేదా?"

"అక్కడ అడుగుపెడితే కళ్ళు మండుతాయి వదినా. ఎట్లా కోసేది?"

కుందేలు పిల్లల్ని వెనక్కి తిప్పింది.