వెనక బండి లైట్లు

"వెనక బండి లైట్లు పడితే ఏమైతది కాక?" కారులోకి తల దూర్చి అడిగాడు లింగమూర్తి.

"కండ్లు బైర్లు కమ్ముతయి. ముందట తొవ్వ కనవడదు," అన్నాడు సదానందం. ఈ మాట ఈ నెలలో ఎంతమందికి చెప్పాడో! చెప్పి చెప్పి, ఇప్పుడు పక్కింటాయన కళ్ళ గురించి చెబుతున్నట్టే ఉంది.

లింగమూర్తిది గోదావరిఖనిలో కారు సామాన్ల దుకాణం. పగిలిన బయటి అద్దం మార్పించుకుందామని ఆగారు. వెనక సీట్లో భార్య సమ్మవ్వ, చదువైపోయి ఇంటి దగ్గరే ఉంటున్న కూతురు హర్షిణి కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ మోటార్ సైకిల్ మీదే డ్యూటీకి పోయిన సదానందం మోకాళ్ళు మొరాయించడంతో మొన్న ఎండాకాలం ఓ పాత కారు కొన్నాడు. అప్పటినుంచే ఈ బాధ. రాత్రి షిఫ్టుకు ఓపెన్‌కాస్టు బొగ్గు గని దారి పట్టాడంటే వెనక టిప్పర్ల వెలుగంతా లోపలి అద్దంలోంచి మొహాన కొట్టేది. కంపెనీ దవాఖానాలో చెబితే పెద్ద డాక్టర్లకు చూపించుకొమ్మని రాశారు. సోమవారం వాళ్ళ ముందు నిలబడాలి. ఆ కళ్ళు ఇంక డ్యూటీకి పనికొస్తాయో రావో అప్పుడు తేలుతుంది.

ఆ కాగితం రాసిచ్చినప్పటినుంచి ఇంట్లో నవ్వు లేదు, ఏడుపూ లేదు. సమ్మవ్వ మొక్కని దేవుడు లేడు. ఏమని మొక్కిందో అతను అడగలేదు, ఆమే చెప్పలేదు.

వాళ్ళ క్వార్టర్ల లైనులోనే యిర్మియా ఉంటాడు. కళ్ళు కనపడక డ్యూటీకి అన్‌ఫిట్ అయ్యాడని కంపెనీ ఆయన నౌకరిని కొడుకు డానీకి ఇచ్చింది. పొద్దంతా గడపలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళను అడుగుల చప్పుడును బట్టి పోల్చుకుంటాడు. ఆ ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా సమ్మవ్వ కాసేపు నిలబడి, నిట్టూర్చి వచ్చేది. సదానందం అటు చూడడమే మానేశాడు. అతనికి భయం కూడా వేయడం లేదు. ఏది తిన్నా గడ్డి తిన్నట్టే ఉంది.

"రాత్రిపూట గూడ లోపలద్దం గిట్లనే ఉంచుతున్నవా కాక?"

"ఇంకెట్ల ఉంచుతరు?"

లింగమూర్తి నవ్వాడు. "మోటార్ సైకిల్ దిగి సీదా కారెక్కినోనివి. నీకెవ్వలూ చెప్పనట్టుంది. ఉండు."

పొద్దుగూకింది. లింగమూర్తి వెనక నిలిపి ఉన్న జీపెక్కి లైట్లు వేశాడు. సదానందం చప్పున మొహం తిప్పుకున్నాడు.

"గిదే! గిట్లనే కొడ్తది!"

"అద్దం కింద చిన్న పుల్ల లెక్క ఉన్నది సూడు. నీ దిక్కు గుంజు."

గుంజాడు. టక్కుమని అద్దం కొంచెం వంగింది. అంత వెలుగూ ఎటో పోయి, అద్దంలో రెండు లైట్లు సన్నగా మిగిలాయి.

"ఇప్పుడు?"

సదానందం ముందుకు చూశాడు. దుకాణం గోడ మీద ఇంజనాయిల్ బొమ్మ, దాని కింది చిన్న అక్షరాలతో సహా కనిపించింది. పైకి చదివాడు. ఒక్క అక్షరమూ తప్పలేదు.

"నీ కండ్లకేం రోగం లేదు కాక! రోగమంతా అద్దానిదే. బయటి అద్దాలకు ఫిల్మేస్త, ఇగ ఫికర్ లేదు," అంటూ లింగమూర్తి లోపలికి వెళ్ళాడు.

ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చింది. ఆకలి కూడా వేసింది. గబుక్కున వెనక్కి తిరిగాడు.

"ఇన్నవా? నా కండ్లు మంచిగున్నయట!"

హర్షిణి కిటికీ వైపు తిరిగి చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తవేంది బిడ్డా? సంబురపడాలె గని!"

"ఏం లేదు బాపూ. ఇంటికి పోదాం," అంది హర్షిణి.

సదానందం భార్య వైపు చూశాడు. సమ్మవ్వ బిడ్డను దగ్గరికి తీసుకుంది.

"మరి పిల్లకు నీ నౌకరెట్లొస్తది?"