లీటరుకి ఎన్ని గ్రాములు?

“ఇవి కన్నీళ్లో, వంటింటి ఉప్పు కలిపిన నీళ్లో ఇవాళ తాడో పేడో తేలిపోవాలి తల్లీ!” అంటూ పడవ మనిషి సీసాను ల్యాబ్ బల్లమీద టక్కున పెట్టాడు.

నీళ్లు పరీక్ష చేసే అమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుంది. అలకను తూచే తక్కెడ ఏ ల్యాబ్‌లో ఉంటుంది?

“ఎక్కడివి బాబాయ్ గారూ?”

“మా ఇంట్లోవే. గుమ్మంలో మడుగు, నా కుర్చీ కింద మడుగు, నా మంచం పక్కన మడుగు. చెమ్చాతో ఎత్తి పట్టాను. మా ఆవిడ గుడ్డ తెచ్చి తుడుస్తుందే గానీ నా మొహం చూడదు. ఉలకదు, పలకదు. కంచం పెట్టడం కూడా మానేసింది. అలగడంలో మొదట్నుంచీ ఆవిడకి ఆవిడే సాటి. అయినా ఇంత మొండితనమా!”

“తేలాక ఏం చేస్తారు?”

“కన్నీళ్లయితే కాళ్లు పట్టుకునైనా బతిమాలుకుంటాను. ఉప్పునీళ్లు పోసి నాకు పొగబెడుతోందంటే మాత్రం ఇల్లొదిలి పోతాను.”

పోవాలని ఆయనకి ఏ కోశానా లేదు.

అమ్మాయి కొన్ని నీళ్లు కొలిచి చిన్న గిన్నెలో మరిగించింది. ఆవిరి కాగా మిగిలిన ఉప్పును తూచి, లెక్కకట్టి, చీటీ మీద 3.5 అని రాసింది. ఆయన మెడ సాచి చూశాడు.

“కన్నీళ్లలో ఉప్పెంత ఉంటుంది తల్లీ?”

“లీటరుకి తొమ్మిది గ్రాములు.”

“ఇది మూడున్నరేగా! తుడిచే నీళ్లు కలిసి పలచబడి ఉంటాయి. కన్నీళ్లే!” ఆయన మొహం వెలిగిపోయింది. “పిచ్చి మొహంది, నాకోసం ఏడుస్తోంది.”

“ఆగండి బాబాయ్ గారూ. అది మూడున్నర శాతం. వంద మిల్లీలీటర్లకి మూడున్నర గ్రాములు. లీటరుకైతే ముప్ఫై అయిదు. కన్నీళ్లకి దాదాపు నాలుగు రెట్లు.”

ఆయన నీరుగారిపోయాడు. “అయితే ఉప్పు కలిపిందన్నమాటే.”

“అదీ కాదు.” ఆమె సీసాలో మిగిలిన నీళ్లలో ఏదో మందు రెండు చుక్కలు వేసింది. నీళ్లు తెల్లగా మసకబారాయి. “వంటుప్పుకి ఇలా అవదు. ఇది అచ్చంగా సముద్రపు నీరు. మీ ఇంట్లో సముద్రంలోకి ఎవరెళ్తారు?”

“నేనే. చేపల వేటకి. ఆ మధ్య గాలివానకి పడవ తిరగబడింది. ఒడ్డుకెలా చేరానో, ఇంటికెలా వచ్చానో గుర్తే లేదు. ఆ రోజు నుంచే ఆవిడ అలక.”

అమ్మాయి చేతిలోంచి చీటీ జారిపడింది. తీద్దామని వంగి, వంగినది వంగినట్టే ఉండిపోయింది. బయట ఎండ మాడ్చేస్తోంది. ఆయన చెప్పుల చుట్టూ మాత్రం మడుగు కట్టింది. చీటీ అందులో తేలుతోంది.

ఆమె చూపు వెంటే ఆయనా కిందికి చూశాడు. ఒక కాలు ఎత్తి చూశాడు; చెప్పులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తర్వాత మెల్లగా, గుండెల మీంచి బరువు దిగినట్టు నవ్వాడు.

“అయితే తల్లీ... మా ఆవిడకి నా మీద కోపమేం లేదన్నమాట!”