ఇప్పచెట్టుకు కుదిరిన సంబంధం

రోడ్లూ వెంచర్లూ కలిసి అడవిని ముక్కలు చేశాక, చెట్లకు సంబంధాలు చూడటం సర్కారీ కొలువైంది. సోంబాయి ఆ కొలువులో చేయి తిరిగిన మనిషి. ఒక ముక్కలో పుప్పొడిని కుంచెతో తీసి, ఆరు వరసల రోడ్డు దాటి, ఇంకో ముక్కలో పూలకు అద్దేది. అయితే ముందు గోత్రాలు చూసే మిషను ఒప్పుకోవాలి.

పన్నెండో ముక్కలోని ఇప్పచెట్టుకు మాత్రం ఎవరిని చూపించినా మిషను "సగోత్రం" అనే కూసింది. చుట్టూ మిగిలినవన్నీ ఒకే తల్లి పిల్లలు మరి! ఈ ఏడూ కాయ పట్టకపోతే ఆ ముక్క ప్లాట్లయిపోతుంది.

"ఇంకొక్క నెల ఆగుర్రి సారూ," అంది సోంబాయి.

"ఇంకెక్కడ దొరుకుతది? సంబంధం లేదని రాసెయ్," అన్నాడు రేంజరు దయాకర్, టిఫిన్ డబ్బా మూత తీస్తూ. "ఇప్పపూల లడ్డు తిను. మా పెరట్ల రాలిన పూలే."

సోంబాయి నోటిదాకా తెచ్చి ఆగింది. చిటికెడు తుంచి మిషను మీద పెట్టింది.

మిషను సన్నాయి మోగించింది. "వేరే గోత్రం. శుభం."

దయాకర్‌కు పొలమారింది. అడవిచెట్టు దొరికిన పెరడు అడవిలో కలుస్తుందని ఊరంతా నోటీసులు అంటించింది ఆయనే.

సోంబాయి కొంగు సర్దుకుని చేతులు జోడించింది.

"రేపు పొద్దుగాల కుంచె పట్టుకొని మీ ఇంటికి వస్త, వియ్యంకుడా. పెట్టుపోతలేం వద్దు. ఆ కాంపౌండు గోడ తీసేస్తే చాలు."