ఇలాంటివాణ్ణి ఎలా చేర్చుకుంటాం?

"ఇలాంటివాణ్ణి చేర్చుకుంటే మన సంఘం పరువేం గానండీ?" అన్నారు రత్తయ్య గారు.

డెబ్భై నాలుగో సంవత్సరం, దసరా సెలవులు. కాలువగట్టు ఈత సంఘం కార్యవర్గమంతా బందరు కాలువ పక్కన పాకలో కుర్చీలేసుకుని కూర్చుంది. ఆ 'ఇలాంటివాడు' గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. పేరు ఏసుపాదం. పటమటలో గడియారాలు బాగుచేస్తాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తన ఒళ్ళు చూసుకుని తనే సిగ్గుపడుతున్నట్టు ముడుచుకుపోయాడు.

అతను అడుగుతున్నది సభ్యత్వం. అసలు కావలసింది అమలమ్మ. ఆవిడ పక్క వీధి బళ్ళో పంతులమ్మ, సంఘంలో అందరికంటే బాగా ఈదే మనిషి. పెళ్ళి మాటెత్తితే ఒక్కటే చెప్పింది. "తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడే మొగుడు నాకొద్దు. మా సంఘంలో చేరి నా పక్కన ఈదుతానంటే చెప్పండి, నాన్నగారితో మాట్లాడతాను." ఇవాళ సంఘం కాదంటే ఆ పెళ్ళి గంగలో కలిసినట్టే.

ఆ అమలమ్మ ఇప్పుడు రేవు రాయి పట్టుకుని మెడదాకా నీళ్ళలో ఉంది. మీటింగు అక్కణ్ణించే వింటోంది.

"మన రూల్సులో ఇలాంటివాళ్ళ ఊసే లేదు," అన్నారు రత్తయ్య గారు. ఆయన పామర్రు రైతు, సంఘానికి ఉపాధ్యక్షులు. ధాన్యం తూకంలోనూ రూల్సులోనూ గింజ తేడా రానివ్వరు. "సంఘం పెట్టిననాడు ఇలాంటివాడొకడు ఈదుతానని వస్తాడని కలైనా కన్నామా? ఇవాళ ఇతనొస్తాడు. ఇతన్ని చూసి రేపు ఇలాంటివాళ్ళే పదిమంది దిగుతారు. అప్పుడు మనమెక్కడ ఈదాలి?"

"పాపం, అబ్బాయి తప్పేముందండీ?" అన్నారు కార్యదర్శి సంపూర్ణమ్మ గారు. "దేవుడలా పుట్టించాడు. ఇంతకాలం ఆ ఒంటితోనే నెట్టుకొస్తున్నాడు."

"జాలి వేరు, ఈత వేరమ్మా. బ్యారేజీ దగ్గర పోటీ పెడితే ఊరు ఊరంతా వస్తుంది. మన మధ్య ఇతన్ని చూసి నవ్వరూ?"

అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారు ప్లీడరు. బోనెక్కిన సాక్షిని చూసినట్టు ఏసుపాదాన్ని చూశారు.

"ఏమయ్యా, నీలాంటివాళ్ళకి వేరే సంఘాలున్నాయిగా?"

"ఉన్నాయండీ."

"మరి అక్కడికి పోకుండా ఇక్కడికొచ్చావేం?"

"అమలమ్మ గారు ఇక్కడున్నారండీ."

నీళ్ళలో అమలమ్మ బుడుంగున మునిగింది. కాసేపు పైకి రాలేదు.

ప్లీడరు గారు నీళ్ళకేసి చెయ్యి చూపించారు. "సరే, ముందు ఈదనీ. ఆవలి గట్టు ముట్టుకుని రావయ్యా," అన్నారు.

ఏసుపాదం సిలువ గుర్తు వేసుకుని దూకాడు. దూకడమైతే బాగానే దూకాడు. ఆ తర్వాతదే చూడలేకపోయారు. సగం కాలువ తాగేశాడు. ఆవలి గట్టుకి పోవాల్సిన మనిషి తిన్నగా బందరు దారి పట్టాడు.

"అయ్యో రామ, ఆ కాళ్ళు చూడండి," అన్నారు సంపూర్ణమ్మ గారు. "వాటితో ఏం చెయ్యాలో పిల్లాడికే తెలియట్లేదు."

"ఆ కాళ్ళే అతనికి అడ్డం. నే ముందే చెప్పలా?" అన్నారు రత్తయ్య గారు. అని ఊరుకున్నారా అంటే అదీ లేదు. ఎవరైనా తప్పుగా ఈదుతుంటే చూస్తూ ఊరుకోలేని జబ్బు ఆయనది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేశారు. "ఒరే అబ్బీ, కాళ్ళ సంగతి మర్చిపో. అవి లేవనుకో. చేతులతో లాగు, భుజంలోంచి లాగు."

ఏసుపాదం కాళ్ళ సంగతి మర్చిపోయాడు. భుజంలోంచి లాగాడు. అమలమ్మ వచ్చి పక్కనే ఈదుతూ, కుడిచెయ్యి, ఎడంచెయ్యి అంటూ ఒకటో తరగతి పిల్లలకి ఎక్కం చెప్పినట్టు చెప్పింది. మొత్తానికి ఆవలి గట్టు ముట్టుకున్నాడు. తిరిగొచ్చి మెట్టు మీద కూలబడి దగ్గాడు.

"మన సంఘంలో ఇంత అధ్వాన్నంగా ఈదేవాడు ఇంకొకడు లేడు," అన్నారు అధ్యక్షులు.

"నేర్పితే వస్తుంది లెండి," అన్నారు రత్తయ్య గారు. ఆ మాట అన్నది తనేనా అని ఆయనకే అనుమానమొచ్చింది. వెంటనే సర్దుకుని, "కానీ రూలు?" అన్నారు.

సంపూర్ణమ్మ గారు గొంతు తగ్గించారు. "ఒళ్ళు చూసి మనిషిని పొమ్మనడం మనం చెయ్యాల్సిన పనేనాండీ?"

రత్తయ్య గారు కాలువకేసి చూస్తూ తల గోక్కున్నారు.

"సరే, చేర్చుకోవాలన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నారు అధ్యక్షులు.

ఉన్న చేతులన్నీ లేచాయి. రత్తయ్య గారిది చివర్న లేచింది, అదీ ఒక షరతుతో. "పోటీల్లో మాత్రం మనకెంత దూరమో అతనికీ అంతే. పాపమని తగ్గించేది లేదు."

"అలాగేనండీ," అన్నాడు ఏసుపాదం. దగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి అతనికి. జన్మలో అంత సంతోషం ఎరగడు. రేవు రాయి మీద గడ్డం ఆనించి అమలమ్మ నవ్వుతోంది.

సభ ముగిసిందనగానే ప్లీడరు గారు చంకకర్రలు అందుకున్నారు, రత్తయ్య గారు కొయ్యకాళ్ళు తగిలించుకున్నారు, సంపూర్ణమ్మ గారు ఉన్న ఒక్క చేత్తోనే అమలమ్మ మూడుచక్రాల బండిని రేవు దాకా తోసుకొచ్చారు, ఇక ఆ గట్టు మీద రెండు కాళ్ళూ రెండు చేతులూ సవ్యంగా ఉన్నవాడు ఏసుపాదం ఒక్కడే.